అదే రొమ్ములో గడ్డ మళ్ళీ వస్తే మొత్తం తీయించాల్సిందేనా?

మీ అమ్మగారికి నాలుగేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్ గడ్డ వరకే తీసి కరెంటు (రేడియేషన్) పెట్టారు, ఇప్పుడు అదే పక్క మళ్ళీ వచ్చింది, రొమ్ము మొత్తం తీసేయాలంటున్నారు, వేరే దారి లేదా అని కదా మీరడిగింది. నేను డాక్టర్ని కాదండి, రాజోలు దగ్గర మా అత్తయ్యగారికి అచ్చం ఇదే జరిగింది. తీయించేయండి అనే అంటాను. ఒకసారి రేడియేషన్ పడ్డ చోట మళ్ళీ అంత డోసు మామూలుగా పెట్టరు, అందుకే రెండోసారి గడ్డ వరకే తీసి సరిపెట్టడం ఏ కొద్దిమందికో కుదురుతుంది. కాకపోతే ముందు మళ్ళీ బయాప్సీ (గడ్డలో ముక్క తీసి చేసే పరీక్ష), ఒళ్ళంతా స్కానింగు చేయించండి, ఇంకెక్కడికీ పాకలేదని తేలాలి, రిసెప్టార్లు, అంటే ఏ మందులకి లొంగుతుందో చెప్పే గుర్తులు, అవి కూడా కొత్తగా చూడాలి, పాత రిపోర్టే ఉంటుందని లేదు.

మా ఇంట్లో మాత్రం రోగం కన్నా బంధువులతోనే ఎక్కువ చచ్చాం. "మొదట్లోనే మొత్తం తీయించేస్తే పీడా పోయేది" అని మా బాబాయిగారు వచ్చినప్పుడల్లా అదే పాట. అమెరికాలో ఫిషర్ గారని పెద్ద సర్జను, 20 ఏళ్ళు చూసి 2002లో చెప్పారండి, మొత్తం తీసినా గడ్డే తీసినా బతకడంలో తేడా లేదని, కరెంటు పెట్టినా నూటికి 14 మందికి అదే రొమ్ములో తిరిగొచ్చింది, పెట్టనివాళ్ళకి 39 మందికి. ఇదంతా చెప్తే ఆయన కాఫీ తాగేసి మళ్ళీ అదే మాట. ఇంకొకాయనైతే "ఈ వయసులో ఉంటే ఎంత, పోతే ఎంత" అన్నాడు, ఆవిడ ముందే! ఆపరేషన్‌కి ఏడవని మనిషి ఆ మాటకి ఏడ్చింది.

డిశ్చార్జి అయ్యాక డ్రెయిన్ ట్యూబుతోనే పంపేశారు, కోసిన చోట ఊరే నీరు సీసాలోకి దిగే గొట్టమండి. సీసా గుడ్డ సంచిలో పెట్టుకుని బస్సెక్కాం, చించినాడ వంతెన మీద కుదుపుకి సంచి జారి ఎర్రగా కనపడింది, పక్క సీటావిడ "ఏంటమ్మా అది" అంటే మా అత్తయ్యగారు తడుముకోకుండా "ఆవకాయ ఊట" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

రోజూ ఎంత నీరొచ్చిందో కొబ్బరి దింపుల లెక్కల పుస్తకంలోనే ఆవిడే రాసుకునేవారు. వరసగా రెండ్రోజులు 30 ఎమ్మెల్ లోపు వస్తేనే ట్యూబు తీస్తామన్నారు, మాకు పద్దెనిమిది రోజులు పట్టింది, కరెంటు పడ్డ చర్మం కదా, కుట్లు కూడా నెమ్మదిగానే మానతాయి, కంగారు పడకండి. చెయ్యి పైకెత్తే వ్యాయామం మాత్రం మానిపించొద్దు.

ఇంతకీ మీ ప్రశ్నలో అన్నయ్య ఏమన్నారో, మావయ్య ఏమన్నారో రాశారు. అమ్మగారేమన్నారో రాయలేదేంటండి?