టర్కీలు పోయాయి, కోళ్లకు ఏమీ కాలేదు: పెరట్లో బ్లాక్‌హెడ్ అనుమానం

ప్రశ్న: మాది విశాఖపట్నం మధురవాడ వైపు, కంబాలకొండ అంచున ఇల్లు. పెరట్లో 12 నాటుకోళ్లు, 4 టర్కీ కోళ్లు ఉన్నాయి. వానలు మొదలయ్యాక టర్కీలు రెక్కలు వాల్చేసి, పసుపుపచ్చ రెట్ట వేస్తూ వారంలో రెండు చనిపోయాయి. కోళ్లు మాత్రం బాగున్నాయి. కొండ మీది నెమళ్లు రోజూ వచ్చి మేము చల్లే నూకలు తింటాయి. నిన్నటి నుంచి ఒక ఆడ నెమలి మునగచెట్టు కింద కదలకుండా కూర్చుంది. కోళ్లకు వేసే పురుగుల మందే దానికీ వేయవచ్చా? తుప్పల్లో దొరికిన నెమలి గుడ్లను కోడి కింద పొదిగించాలని మా అబ్బాయి ఆశపడుతున్నాడు. అది సరైన పనేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ నెమలి సంగతి చూడండి, అది ఆగేది కాదు. దాన్ని పట్టుకోవద్దు. నోరు తెరిచి నీళ్లు గానీ మందు గానీ పోయవద్దు. నీరసించిన పక్షికి అలా పోస్తే శ్వాసనాళంలోకి పోయి ప్రాణం తీస్తుంది. కుక్కలను, కోళ్లను, పిల్లలను దూరంగా ఉంచి వెంటనే అటవీ శాఖ సిబ్బందికి కబురు చేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నెమలి మొదటి షెడ్యూలులో ఉంది. దయతోనే అయినా దాన్ని ఇంట్లో పెట్టుకోవడం, గుడ్లు తీయడం నేరం. గుడ్లు తెచ్చేసి ఉంటే ఆ మాట కూడా దాచకుండా వారికే చెప్పండి.

మీ అబ్బాయిది మంచి మనసే. కానీ చట్టం మాట పక్కన పెట్టినా, కోడి కింద పుట్టడం నెమలి పిల్లకు మేలు కాదు. తల్లికోడి నేలను గీరి, పురుగును చూపించి తినడం నేర్పుతుంది. మీ పెరట్లో జబ్బు ఉన్నదే ఆ మట్టిలో అని నా అనుమానం.

పక్షులను చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, మీరు రాసిన లక్షణాలు బ్లాక్‌హెడ్ అనే జబ్బును తలపిస్తున్నాయి. పేరు చూసి తల నల్లబడుతుందని ఎదురుచూడవద్దు, చాలా పక్షుల్లో అలా జరగదు. హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి పేగు చివర ఉండే రెండు గుడ్డిపేగులను, అక్కడి నుంచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గంధకం రంగు రెట్ట అందుకే వస్తుంది. ఈ జీవి ఒంటరిగా నేల మీద పడితే కొద్ది గంటల్లో చచ్చిపోతుంది. అయినా పెరటిని ఏళ్ల తరబడి వదలదు. ఎందుకంటే కోడి గుడ్డిపేగుల్లో ఉండే హెటెరాకిస్ అనే సన్నని తెల్ల పురుగు గుడ్డులో అది దాక్కుంటుంది. ఆ గుడ్డు మట్టిలో ఏళ్లు నిలుస్తుంది. వానపాములు ఆ గుడ్లను మింగి ఒంట్లో దాచుకుంటాయి. వానకు అవి పైకి వస్తాయి, టర్కీలు పొడుచుకుని తింటాయి. మీ ఇంట్లో వానల తర్వాతే చావులు మొదలయ్యాయంటే నాకు ఆశ్చర్యం లేదు.

నాటుకోడి ఈ జీవిని మోస్తూ కూడా మామూలుగా తిరుగుతుంది. టర్కీ, నెమలి తట్టుకోలేవు. ఆరోగ్యంగా కనిపించే మీ కోళ్లే ఇందులో మూలం కావచ్చు. కొండ నెమళ్లను మీ నూకలు పెరట్లోకి రప్పిస్తున్నాయి కాబట్టి వాటికీ ఈ ముప్పు ఉంది. నేల మీద గింజలు చల్లడం ఈ రోజే మానేయండి. పుణ్యం అనుకుని చేస్తున్నది వాటికి కీడు అవుతోంది.

మిగిలిన రెండు టర్కీలను కోళ్లు ఎన్నడూ తిరగని చోటికి, వీలైతే సిమెంటు నేల మీదికో, నేలకు ఎత్తుగా కట్టిన జాలీ గూటిలోకో ఈ రాత్రే మార్చండి. పాత చోట సున్నం చల్లినంత మాత్రాన ఆ పురుగు గుడ్లు పోవు. మేత, నీళ్లు తొట్టిలోనే పెట్టండి. టర్కీల పని ముందు చూసుకుని, తర్వాత కోళ్ల దగ్గరికి వెళ్లండి. చెప్పులు మార్చుకోండి.

కోళ్లన్నిటికీ పురుగుల మందు వేయించాలి. చాలామంది వాడే పైపరజైన్ పెద్ద ఏలికపాములకు పనిచేస్తుంది, ఈ సన్న పురుగుకు అంతగా పనికిరాదు. ఫెన్‌బెండజోల్ వంటిది కావాలి. రెట్ట పరీక్ష చేయించి, బరువును బట్టి మోతాదు పశువైద్యుడితోనే రాయించుకోండి. మందు వేశాక గుడ్లు, మాంసం ఎన్ని రోజులు తినకూడదో కూడా అడగండి. ఇది పురుగును చంపుతుంది గానీ, టర్కీ కాలేయంలోకి చేరిన జీవిని చంపదు. మనుషుల విరేచనాల మాత్రలు పొడి చేసి మేతలో కలపమని ఎవరైనా చెబితే వినవద్దు, వాటి అవశేషాలు గుడ్లలోకీ మాంసంలోకీ వస్తాయి.

పసుపు రెట్ట లేకుండా మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ విరేచనాలు కనిపిస్తే కొక్కెర తెగులును అనుమానించాలి. దానికి టీకా ఉంది, మీ కోళ్లకు వేయించకపోతే వెంటనే వేయించండి. ఒకేసారి చాలా పక్షులు పడిపోతే మాత్రం బర్డ్ ఫ్లూ సంగతి మరవకూడదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వచ్చింది కదా. అప్పుడు దేన్నీ ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలియజేయండి.

మరో టర్కీ చనిపోతే పాతిపెట్టేయకండి. చేతులకు తొడుగులు వేసుకుని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, చుట్టూ మంచు ముక్కలు పెట్టి అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. గడ్డకట్టించవద్దు. కాలేయం మీద గుండ్రటి గుంటల మచ్చలు, గుడ్డిపేగుల్లో గట్టి గడ్డ కనిపిస్తే బ్లాక్‌హెడ్ అన్న నా అనుమానం బలపడుతుంది. తీసుకెళ్లే వీలు లేకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చేయండి.