డే స్కూల్లో సమగ్ర విద్య నిజంగా జరుగుతోందా? ఏం చూసి తెలుసుకోవాలి?

ప్రశ్న: తిరుపతిలో ఉంటున్నాం. పాపను జూన్‌లో రెండో తరగతిలో చేర్చాలి. ఏ పెద్ద సంస్థకూ చెందని ఒక చిన్న డే స్కూలు చూసి వచ్చాం. సమగ్ర విద్య అంటున్నారు, బడంతా ఒక కుటుంబం అంటున్నారు. అది నిజమో, బ్రోచరు వరకేనో ఎలా కనుక్కోవాలి? ఆటపాటలు, తోటపనులు పెట్టుకుంటే చదువు వెనకబడదా?

జవాబు: ముందు టైం టేబుల్ అడగండి. ఆఫీసు గదిలో ఫ్రేము కట్టించి పెట్టింది కాదు, రెండో తరగతి గోడకు అంటించింది. సమగ్ర విద్య అంటే పాఠాలతో పాటు ఆటలు, సంగీతం, చేతిపని, తోట లాంటివి కూడా చదువులో భాగంగా నేర్పడం. అది ఉంటే ఆ కాగితంలోనే కనబడుతుంది. ఇలాంటి చిన్న బడుల్లో పాఠాలు చెప్పి, టైం టేబుళ్లు వేసిన అనుభవంతో చెబుతున్నాను.

చదువు వెనకబడుతుందా అన్న భయాన్ని లెక్కతోనే తీర్చుకోవచ్చు. బడి 8.45కి మొదలై 3.45కి వదిలితే 420 నిమిషాలు. ప్రేయర్‌కు 20, మధ్యాహ్న భోజనానికి 50, రెండు ఇంటర్వెల్స్‌కు కలిపి 30 తీసేస్తే 320 మిగులుతాయి. అంటే 40 నిమిషాల పీరియడ్లు ఎనిమిది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. రోజుకు 320 నిమిషాల చొప్పున 200 రోజులకు 1,066 గంటలు వస్తాయి. చట్టం అడిగినదానికన్నా 266 గంటలు ఎక్కువ. రోజుకు ఎంత పడుతుందో చూస్తే 80 నిమిషాలు, సరిగ్గా రెండు పీరియడ్లు. ఆటలు, సంగీతం, బొమ్మలు, చేతిపని, తోట వీటిని బోధన గంటల్లో కలపకపోయినా రోజుకు రెండు పీరియడ్లు వాటికి ఇవ్వొచ్చన్న మాట. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చట్టం 220 రోజులు, 1,000 గంటలు అంటుంది కాబట్టి అక్కడ రోజుకు ఒక్క పీరియడే మిగులుతుంది. చిన్న తరగతుల్లో మాత్రం ‘టైం చాలదండీ’ అనే మాటకు ఆధారం లేదు. ఐదు రోజుల బడిలో వారానికి 40 పీరియడ్లుంటే అందులో పది వీటికి ఉన్నాయా అని లెక్కపెట్టుకోండి. ఆరో ఏడో ఉంటే ఏవి తగ్గాయో, ఎందుకు తగ్గాయో అడగండి.

అవి జంట పీరియడ్లా, విడివిడిగా ఉన్నాయా అన్నది కూడా చూడాలి. మట్టిపని తీసుకోండి. సామాను సర్దడానికి పది నిమిషాలు, కడుక్కుని శుభ్రం చేసుకోవడానికి పదిహేను. 40 నిమిషాల్లో పనికి మిగిలేది పదిహేను నిమిషాలే. అందుకే ఒంటి పీరియడ్ ఇచ్చిన చోట టీచరు మట్టి పక్కనపెట్టి క్రేయాన్లు పంచుతారు. తప్పు టీచరుది కాదు, టైం టేబుల్‌ది.

మన పక్కనే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీనే చూడండి, ఒక చేతిపనిలో ఎంత చదువు ఉందో తెలుస్తుంది. కొత్త గుడ్డకు గంజి ఉంటే రంగు పట్టదు కాబట్టి ముందు బాగా ఉతికి ఆరేయాలి. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి మళ్లీ ఆరేయాలి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి మూతపెట్టి రెండు మూడు వారాలు పులియబెడితే నల్లరంగు తయారవుతుంది. వెదురు పుల్ల చివర చెక్కి, కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో కడితే అదే కలం. ఆ చుట్టిన గుడ్డ రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కిన కొద్దీ రంగు పుల్ల చివరికి దిగుతుంది. సీసాలో ఆ రంగు లేతగానే ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీయగానే నల్లబడుతుంది, ఎందుకంటే కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసేది అక్కడే. పాలు వేయకపోతే గీత పాకిపోతుంది, పాలలో కొవ్వే దాన్ని ఆపేది. ఈ పనికి మూడు వారాల ముందు రంగు కలిపి పెట్టే మనిషి కావాలి, గుడ్డలు ఆరేయడానికి చోటు కావాలి, 80 నిమిషాలు కావాలి. ఈ మూడూ సమకూర్చే బడి ఏదైనా చేయగలదు. గోడకున్న చార్టులు చూసి మోసపోకండి, ‘పోయిన నెల పిల్లలు చేతులతో చేసింది ఒకటి చూపించండి, ఎలా చేశారో పిల్లలనే చెప్పమనండి’ అని అడగండి.

ఈ పీరియడ్లు కాగితం మీద ఉండీ జరగకపోవడం ఎక్కువచోట్ల కనబడే జబ్బు. యూనిట్ టెస్టుల ముందు వారం లెక్కల టీచరు సంగీతం పీరియడ్ అరువు తీసుకుంటారు, తిరిగి ఇవ్వరు. పి.ఇ.టి. సారుకే బస్సుల డ్యూటీ కూడా ఉంటే రోజూ చివరి పీరియడ్ పోయినట్టే. పెద్ద తరగతి బిడ్డ ఎవరైనా కనబడితే, పోయిన రెండు వారాల్లో సంగీతం ఎన్నిసార్లు జరిగిందో అడగండి. పిల్లలు దాచుకోరు.

ఇక బడంతా ఒక కుటుంబం అనే కమ్యూనిటీ సంగతి. మన ప్రాంతంలో ఈ మాట రాగానే అందరికీ మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గుర్తొస్తుంది. ఆ బడిని స్థాపించిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. అక్కడ సూర్యాస్తమయం వేళ పిల్లలు మౌనంగా కూర్చునే ‘అస్తాచల్’ అలవాటు గురించి విని, అలాంటివి చేస్తామని డే స్కూళ్లు చెబుతుంటాయి. కానీ అది హాస్టల్ బడి. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా పిల్లలు, టీచర్లు అక్కడే ఉంటారు. డే స్కూల్ బిడ్డ సూర్యాస్తమయానికి ఇంట్లో ఉంటుంది, లేదా బస్సులో ఉంటుంది. కాబట్టి డే స్కూల్లో కలిసి బతకడం నేర్పాలంటే బడి గంటల్లోనే నేర్పాలి. బడి వదిలాక క్లబ్బులు పెడితే సొంత బండి ఉన్నవాళ్ల పిల్లలే ఉంటారు, రేణిగుంట, చంద్రగిరి బస్సు ఎక్కే పిల్లలు వెళ్లిపోతారు. అప్పుడు బడిలో రెండు వర్గాలు తయారవుతాయి.

బడి గంటల్లో దానికి అన్నిటికన్నా పనికొచ్చే సమయం భోజనం. ఆ 50 నిమిషాలూ తరగతుల వారీగా కూర్చోబెట్టకుండా, ఒకటి నుంచి ఏడు దాకా కలిపి పది పన్నెండు మంది జట్టుగా చేసి, జట్టుకో టీచరు వాళ్లతోనే తింటే చాలా మారుతుంది. సంగటి, ఊరిబిండి తెచ్చుకున్న బిడ్డ మూత చాటున తినే బాధ తప్పుతుంది. జట్లు కనీసం ఒక టర్మ్ మారకూడదు, నెలనెలా మారిస్తే చిన్నపిల్లలకు పెద్దవాళ్లు చేరిక కారు. పెద్ద పిల్లలకు పేర్లు రాసే అధికారం అసలే ఇవ్వకూడదు. ఇస్తే అన్నలు, అక్కలు కాస్తా పోలీసులవుతారు. బాక్సులో గుడ్డు, మాంసం తేవచ్చా లేదా అన్న నియమం ఏదైనా సరే, రాతపూర్వకంగా ముందే చెప్పాలి. ఒక బిడ్డ బాక్సు అందరిలో మూయించే పరిస్థితి రాకూడదు.

చలికాలంలో అనపకాయలు దిగే రోజుల్లో కొన్నిచోట్ల పితకపప్పు పని పెడతారు, చాలా మంచి పని. గింజలు రాత్రే నానేస్తారు. పొద్దున గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పొట్టు చేతిలో మిగిలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఇరవై మంది కూర్చుంటే కిలో గింజలు అరగంట పని. రెండు బద్దలు, మధ్యన చిన్న మొలక, పైన పొట్టు. విత్తనం పాఠం అక్కడే అయిపోతుంది. ఆరేళ్ల బిడ్డకూ పదమూడేళ్ల బిడ్డకూ ఒకే పని, ఇద్దరూ మాట్లాడుకుంటూ చేస్తారు.

వారానికో రోజు పిల్లలందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే సమావేశం ఉందా అని అడగండి. ఉందంటే దాని నోట్‌బుక్ చూపించమనండి. మంచి చోట పోయిన వారం అనుకున్నది చదివి, జరిగిందో లేదో చూసి, తర్వాతే కొత్త విషయం మొదలుపెడతారు. కొళాయి, ఉయ్యాల, బంతి లాంటి ఉమ్మడి సంగతులే అక్కడికి రావాలి. ఇద్దరి గొడవను పక్కన కూర్చోబెట్టి తీర్చాలి. ఒక బిడ్డ పేరెత్తి ఇరవై మంది ముందు విచారణ చేశారంటే అది శిక్షే. పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

తరగతి ఊడ్చడం, బెంచీలు తుడవడం పిల్లలు చేస్తే మంచిదే, కానీ వంతుల పట్టిక చూడండి. మగపిల్లల పేర్లు ఉన్నాయా? చీపురు ఆడపిల్లలకు, బెంచీలు మోయడం మగపిల్లలకు అని విడగొట్టారా? హోంవర్క్ చేయనివాళ్లతో ఊడ్పిస్తున్నారా? శిక్షగా మారిన పనికి గౌరవం పోతుంది, ఆ పని రోజూ చేసే ఆయమ్మకూ పోతుంది. తోట విషయంలో దసరా, సంక్రాంతి సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారని ఒక్క ప్రశ్న వేయండి. తడబడితే ఆ తోట ఫోటో కోసం వేసిందే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఎత్తు మడులు లేకపోతే నవంబరులో వేళ్లు కుళ్లిపోతాయి. తోటకూర నెల లోపే కోతకొస్తుంది, శెనక్కాయలు వానలకు జూన్ చివర్లో వేస్తే అక్టోబరులో పీకొచ్చు. చిన్నపిల్లలకు తోటకూరతో మొదలుపెట్టడం మంచిది, నాలుగు నెలలు ఆగే ఓపిక వాళ్లకుండదు.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే, వాట్సాప్ గ్రూపు కమ్యూనిటీ కాదు. మీకొచ్చిన పనిని, అది కుట్టుపనైనా, వడ్రంగమైనా, మగ్గమైనా, వచ్చి పిల్లలకు నేర్పే వీలు ఉందా? పనిదినాల్లో కూలికి, ఉద్యోగానికి పోయేవాళ్లకు శనివారం వీలు ఉందా? లేకపోతే వచ్చేవాళ్లే వస్తారు, మిగతావాళ్లు బయటివాళ్లవుతారు. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లలో చేరిన పిల్లలను చంద్రగిరి కోటకో, అలిపిరి రోడ్డులోని సైన్స్ సెంటర్‌కో తీసుకెళ్లేటప్పుడు డబ్బు అడుగుతున్నారా అన్నది కూడా కనుక్కోండి.

చదువు సంగతి కూడా మొహమాటపడకుండా చూడండి. రెండో తరగతి చివర్లో బిడ్డ కొత్త తెలుగు పేరా చదివి అర్థం చెప్పాలి, రెండంకెల కూడికలు, తీసివేతలు చేయాలి. ఇవి రాకపోతే ఎంత మంచి తోట ఉన్నా ఆ బడి పని సగమే చేసింది. ఏడో తరగతి తర్వాత వేరే బడికి మార్చే ఉద్దేశం ఉంటే, గడియారం పెట్టుకుని రాసే పరీక్షల అలవాటుకు ఒక టర్మ్ ముందే మొదలుపెట్టమని చెప్పుకోవాలి. ఇలాంటి బడి నుంచి వెళ్లే పిల్లలకు విషయం తెలిసినా రాసే వేగం చాలక మొదట్లో మార్కులు తగ్గుతాయి.

చూడ్డానికి యాన్యువల్ డేకి వెళ్లొద్దు, మామూలు మంగళవారమో బుధవారమో పన్నెండున్నరకు, భోజనం బెల్లు కొట్టే ముందు వెళ్లండి. రెండో తరగతి ప్రవేశానికి పాపకు పరీక్ష గానీ, మీకు ఇంటర్వ్యూ గానీ పెడతామంటే, డొనేషన్ అడిగితే, విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ఆ మూడింటినీ ఒప్పుకోదు. ఆ మాట ప్రిన్సిపాల్‌తో నెమ్మదిగానే అనండి, వచ్చే జవాబును బట్టి మిగతాది మీకే అర్థమవుతుంది.