కొత్త ప్రాసెసర్ కొనాలనుకుంటున్న వంశీకి

చిరంజీవి వంశీకి ఆశీస్సులు.

రైజెన్ 7 9800ఎక్స్3డీకి మారవచ్చునా అని అడిగావు. ఇప్పుడే వద్దన్నది నా అభిప్రాయం. కారణాలు చదివి నిర్ణయం నీవే తీసుకో.

2024 నవంబరులో వచ్చిన ఆ ప్రాసెసర్ ఆటలకు మేటి అనడంలో నాకు సందేహం లేదు. అయితే సమీక్షకులు దానిని అత్యంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుతో, కావాలనే 1080పీ అనే తక్కువ రిజల్యూషన్‌లో పరీక్షిస్తారు; ప్రాసెసర్ల మధ్య తేడా కార్డు చాటున దాగిపోకూడదనే వారు అలా చేస్తారు. ఆ పద్ధతి సరైనదే గానీ, ఆ గ్రాఫుల్లోని తేడా నీ ఆర్‌ఎక్స్ 6600 కార్డుతో నీ గదిలో కనిపిస్తుందని ఆశించకు.

నీవు ఎక్కువగా ఆడే ఆట తెరిచి, వీసింక్‌నూ (ఫ్రేములను, అంటే సెకనుకు వచ్చే చిత్రాలను, మానిటర్ వేగానికి కట్టిపడేసే సెట్టింగు) ఫ్రేమ్ పరిమితినీ తీసివేసి, గ్రాఫిక్స్ కార్డు వినియోగాన్ని కాసేపు గమనించు. అది 97, 98 శాతం దగ్గరే నిలిచి ఉంటే నీ పాత రైజెన్ 5 3600 ఇంకా కార్డుకు సరిపడా పని అందిస్తున్నట్టే. వినియోగం బాగా తగ్గి, సెట్టింగులు తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే అప్పుడు ప్రాసెసర్‌ను అనుమానించాలి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ మొత్తం వినియోగం సగమే కనిపించినంత మాత్రాన అది తీరికగా ఉందనుకోకు. దాని 12 థ్రెడ్లలో (ఒకేసారి పని నడిచే దారులు) ఒకటి రెండే భారమంతా మోస్తూ ఉండవచ్చు. ర్యామ్‌ను కూడా చూడు. ఒకే స్టిక్ ఉన్నా, బయోస్‌లో (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయకపోయినా, ఆట నెమ్మదించి నిందంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

ఒకవేళ ప్రాసెసరే అడ్డమని తేలినా, 9800ఎక్స్3డీ నీ బీ450 మదర్‌బోర్డులో కూర్చోదు. దానికి ఏఎం5 అనే కొత్త సాకెట్ ఉన్న బోర్డు, డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి కనుక ప్రాసెసర్ ధర ఒక్కటే చూసి లెక్క వేయకు. నీ బోర్డులోనే పట్టే రైజెన్ 5 5600 ఉంది. పేరుకు 3600 లాగే 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) అయినా, పాతదానిలో అది రెండు ముక్కలుగా విడిపోయి ఉంటుంది, ఇందులో ఆరు కోర్లూ మొత్తాన్నీ పంచుకుంటాయి; ఆటల్లో దాని మేలు తెలుస్తుంది. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ సరైన ధరకు దొరికితే ఆటలకు అది ఇంకా మంచిది. కానీ నీ రోజులో ఎక్కువ భాగం కోడ్ కంపైల్ చేయడానికే పోతుంటే ఎక్స్3డీ (అదనపు క్యాష్ ఉన్న రకం) కోసం అదనంగా పెట్టకు, ఎనిమిది కోర్ల మామూలు 5700ఎక్స్ చాలు. నాకైతే ఈ ఎక్స్3డీ మోజు కొంత అతిగానే కనిపిస్తుంది.

మార్చేటప్పుడు, పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయాలి; పాత బయోస్‌కు కొత్త ప్రాసెసర్ తెలియకపోతే కంప్యూటర్ బూట్ కాదు. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీని ముందుగా వేరేచోట రాసిపెట్టుకో, ఎందుకంటే ప్రాసెసర్ మారగానే అది అడిగే అవకాశం ఎక్కువ. 5700ఎక్స్, 5700ఎక్స్3డీలతో కూలర్ రాదు, 3600తో వచ్చిన చిన్న కూలర్‌తో అవి బాగా వేడెక్కవచ్చు. ఆ ఖర్చునూ కలుపుకో.

కార్డు వినియోగం ఎంత కనిపించిందో, ర్యామ్ ఎంత వేగంతో నడుస్తోందో ముందు నాకు రాసి పంపు. అంతవరకు ఏదీ ఆర్డర్ చేయకు.

ఇట్లు,
మీ పెదనాన్న