హెచ్‌ఐవీ బాధిత కుటుంబాలకు సాయం: పాఠకుల ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా ఊళ్ళో హెచ్‌ఐవీ వల్ల భర్తను పోగొట్టుకొన్న ఒకామె, అదే జబ్బుతో తల్లిదండ్రులిద్దరూ పోగా నాయనమ్మ దగ్గర పెరుగుతున్న ఇద్దరు పిల్లలు ఉన్నారు. మా పొదుపు సంఘం వాళ్ళం పదిమందిమీ కలిసి వెళ్ళి, బియ్యం, దుప్పట్లు ఇచ్చి, ఆ ఫొటో పత్రికకు పంపాలనుకొంటున్నాము. అయితే ఆ ఇళ్ళలో మంచినీళ్ళు తాగడానికీ, పిల్లలను దగ్గరకు తీసుకోవడానికీ కొందరు జంకుతున్నారు. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: ముందుగా మీ వాళ్ళ భయం సంగతి. తాకడం వల్ల, కలిసి భోంచేయడం వల్ల, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగడం వల్ల, దోమ కుట్టడం వల్ల హెచ్‌ఐవీ సోకదు. పైగా తల్లికి ఉన్నంత మాత్రాన బిడ్డకు వచ్చి తీరాలని లేదు. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పులోనూ, పాలిచ్చే కాలంలోనూ తగిన చికిత్స అందితే ఆ అవకాశం 5 శాతం లోపుకు తగ్గుతుంది. కాబట్టి ఆ పిల్లలకు ఉందా లేదా అని ఆరా తీయకండి, వాళ్ళు ఇచ్చిన టీ తాగి రండి. నిజానికి జాగ్రత్త అవసరమైనది మరొకచోట ఉంది: హెచ్‌ఐవీ ఉన్నవారికి క్షయ త్వరగా పట్టుకొనే ప్రమాదం ఎక్కువ గనుక, దగ్గుతో బాధపడుతున్నవారు ఆ రోజుకు ఇంటిదగ్గరే ఆగడం మంచిది.

పదిమంది వెళ్ళడం, ఫొటో తీయడం మాత్రం దయచేసి మానుకోండి. ఒక్కసారి పత్రికలో పడితే ఆ పిల్లలు బడిలోనూ, రేపు పెళ్ళి సంబంధాల దగ్గరా దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది. చట్టం కూడా ఈ విషయంలో కఠినంగానే ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, నమ్మి చెప్పిన ఒకరి హెచ్‌ఐవీ విషయాన్ని వారి అంగీకారం లేకుండా బయటపెట్టకూడదు. సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేలా ఫొటోలు, వివరాలు ప్రచురించడాన్ని బాలల న్యాయ చట్టం నిషేధిస్తుంది. అసలు ఆ కుటుంబాల సంగతి మీకు ఎలా తెలిసిందో కూడా ఒకసారి ఆలోచించండి. వాళ్ళు స్వయంగా చెప్పకపోతే, మీకు తెలిసినట్టు వాళ్ళ ముందు బయటపడకండి. ఇద్దరు మాత్రమే, మామూలు చుట్టపుచూపుగా వెళ్ళి, ఏం కావాలో ఆమెనే అడగండి.

దుప్పట్ల కంటే ఆ నాయనమ్మకు ఎక్కువ అక్కరకొచ్చేవి వేరే ఉంటాయి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తున్నారు, కానీ అక్కడికి వెళ్ళే రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అవుతాయి. పిల్లల్లో ఎవరైనా ఆ మందులు వాడుతున్నారని ఆమే చెబితే, ఆ రోజు తోడు వెళ్ళండి. రోజూ వేళ తప్పకుండా మందు వేయడం వృద్ధురాలికి కష్టమైతే, అది గుర్తుచేసే బాధ్యత ఆమె అనుమతితో మీలో ఒకరు తీసుకోండి. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పెట్టే ఆ దరఖాస్తు నింపడంలో మీ సంఘం చేయగల సాయం చాలా పెద్దది. ఇద్దరిలో పెద్దబిడ్డకు 12 ఏళ్ళు నిండి, ఇంటి వ్యవహారాలు చూసుకోగల పరిపక్వత ఉంటే, తమ్ముడికో చెల్లెలికో బడిలో చేర్చడం, బ్యాంకు ఖాతా వంటి విషయాల్లో సంరక్షకులుగా వ్యవహరించేందుకు పైన చెప్పిన హెచ్‌ఐవీ చట్టం వీలు కల్పించింది. వృద్ధురాలికి ఏమైనా అయితే అనే దిగులున్న ఇంట ఇది తెలిసి ఉండాలి.

ఇక భర్త పోయిన ఆమె సంగతి. అత్తింటివారు ఇల్లు ఖాళీ చేయమంటున్నారా, పొలంలో వాటా ఇవ్వడం లేదా అన్నది నెమ్మదిగా కనుక్కోండి. హెచ్‌ఐవీ ఉన్నవారినీ, వారితో కలిసి జీవించినవారినీ ఉమ్మడి ఇంటినుంచి వెళ్ళగొట్టకూడదని అదే చట్టం చెబుతోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసహాయం ఉచితం, 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు. హెచ్‌ఐవీ గురించిన సందేహాలకు 1097 ఉంది. ఆమె ఒప్పుకొంటేనే ఈ పనుల్లో ముందుకు వెళ్ళండి. వద్దంటే, ఆమె మనసు మార్చుకొనేదాకా రాకపోకలు మాత్రం మానకండి.