ముసలి ఎలుకల దగ్గర పనిచేశాను, ఆ డ్రిప్ మాత్రం వద్దు

మీరు అడిగింది: "వయసు వల్ల ఒంటికి జరిగే నష్టాన్ని ల్యాబుల్లో రిపేర్ చేస్తున్నారట, నిజమేనా? మా నాన్నగారికి 64. హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్లు వయసు వెనక్కి తిప్పే డ్రిప్ ఎక్కిస్తామంటున్నారు."

ల్యాబుల్లో జరుగుతున్న మాట నిజమేనండీ. డ్రిప్ మాత్రం వద్దు. పెళ్లికి ముందు ఇక్కడే ఒక ల్యాబులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా ఈ పనే చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మా పనంతా సెనెసెంట్ సెల్స్‌తో. విభజన మానేసి, చావకుండా, పక్క కణాలను కూడా చెడగొడుతూ కూర్చునే రకం. వాటిని పట్టుకోవడానికి ఒక రంగు పరీక్ష ఉంది. రాత్రి ద్రావణం పోసి 37 డిగ్రీల్లో పెడితే తెల్లారేసరికి ముదిరిన కణాలు నీలంగా కనిపిస్తాయి. కుర్ర కణం సన్నగా, కోలగా ఉంటుంది. ముదిరింది పెనం మీద పోసిన అట్టులా పరుచుకుని ఉంటుంది. ద్రావణం పీహెచ్, అంటే పులుపు కొలత, సరిగ్గా 6 దగ్గర ఉండాలి, బాగా కిందికి దిగితే కుర్రవి కూడా నీలమైపోతాయి.

2011లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు, తొందరగా ముసలివయ్యేలా జన్యువులు మార్చిన చిట్టెలుకల్లో ఇలాంటి కణాలను ఏరేశారు. శుక్లాలు, కండరాలు కరిగిపోవడం ఆలస్యమయ్యాయి. అప్పటి నుంచి అందరూ ఆ దారే పట్టారు.

ఈ కణాలను ఏరేసే మందును పరీక్షించడానికి మాకు కావాల్సింది మామూలుగా ముసలివైన ఎలుకలు. తంటా అంతా అక్కడే. చిట్టెలుక ముసలిది కావాలంటే దాదాపు రెండేళ్లు మేపాలి. ప్రాజెక్టేమో మూడేళ్లు. మధ్యలో ఫెలోషిప్ నెలల తరబడి రాదు. చిన్న సీసా కెమికల్ కొనాలన్నా మూడు కొటేషన్లు, ఆ మీద సంతకం పెట్టాల్సినాయన సెలవు. ఎలుకల కంటే ముందు మా ఫైలే ముసలిదైంది.

రోటారాడ్ అని ఒక యంత్రం ఉంటుంది. తిరిగే కడ్డీ మీద ఎలుకను పెట్టి ఎంతసేపు నిలుస్తుందో చూస్తారు. ఒకటి, వీపు వంగి, బొచ్చు ఊడి, ఎక్కించిన వెంటనే పడిపోయేది. వాటికి మేత వేసే అన్న ఉప్పల్ నుంచి వచ్చేవాడు. "గీ ముసల్దాన్ని గిట్లెందుకు తిప్పుతున్రు మేడం, జర కూసోనియ్యరాదు" అని నన్నే కసిరేవాడు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు అదే ఎలుక కడ్డీ మీద టకటకా నడిచింది. నిజం చెప్పాలంటే, మందు ఇవ్వని బోనులో ఒకటి కూడా అలాగే నడిచింది. దానికి కడ్డీ అలవాటై ఉంటుందన్నారు మా సార్. ఏమన్నా అనండి, మా ముసల్దానికి మాత్రం మందే పనిచేసిందని నా నమ్మకం.

మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ వేరు. ఇదే తరహా మందును మోకాళ్ల అరుగుదలకు సూదిగా ఇచ్చి చూశారు. 2020లో ఫలితాలొస్తే, మందు లేని ఉత్త సూది కంటే ఏమీ మెరుగ్గా లేదు. జపాన్ శాస్త్రవేత్త యమనక 2006లో నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాన్ని వెనక్కి తిప్పి, ఏ కణంగానైనా మారగల మూలకణ (స్టెమ్ సెల్) దశకు తీసుకెళ్లారు, 2012లో నోబెల్ వచ్చింది. అదీ గొప్పదే. కానీ ఒంట్లో అవే జన్యువులు హద్దు దాటి పనిచేస్తే కణితులు లేస్తాయి. ఈ క్లినిక్‌ల వాళ్లు నోబెల్ సంగతి చెప్తారు, కణితుల సంగతి చెప్పరు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక అంకుల్ స్టెమ్ సెల్ పొడి అని సాషేలు అమ్ముతున్నారు. రోజూ గుడ్ మార్నింగ్ గులాబీ కిందే రేటు!

64 అంటున్నారు కాబట్టి ముందు నాన్నగారి కళ్లు చూపించండి. శుక్లాలుంటే ఆపరేషన్ చేయించండి, అదీ వయసు నష్టానికి రిపేరే, ఇవాళే దొరుకుతుంది. ఇక ఆ క్లినిక్ వాళ్లు పరిశోధన, ట్రయల్ అంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ఇస్తే ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను.