అమ్మకి బాగోలేదని ఆయనకి చెప్పాలా, వద్దా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే ఇంటివాళ్లు రాసినట్టున్నాయి. కొడుకో, మొగుడో, తమ్ముడో ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో విదేశంలో ఉన్నాడు, ఇక్కడ మేమేం చెయ్యాలి అని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆర్మీకి ఎవరూ వెళ్లని ఊరు వెతుక్కోవాలి. జమ్మూ, అస్సాం, రాజస్థాన్ అంటే ఇక్కడ ముసలమ్మలకి కూడా భయం లేదు, దక్షిణ సూడాన్ అంటేనే గుండె దడ. 2000లో మావారు సియెర్రా లియోన్‌లో ఉన్నారు కాబట్టి ఆ దడ నాకూ తెలుసు.

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. మావారు దక్షిణ సూడాన్ వెళ్లి ఏడు నెలలైంది. మధ్యలో మా అత్తగారికి కాళ్లు వాస్తే పరీక్ష చేయించాం, క్రియాటినిన్ ఎక్కువుంది, అంటే కిడ్నీలు సరిగా పనిచెయ్యడం లేదన్నారు. ఇప్పుడే డయాలసిస్ అక్కర్లేదట, మందులు, పథ్యం చెప్పారు. మామగారు, ఆడపడుచు మాత్రం 'వాడికి చెప్పొద్దు, తుపాకీ పట్టుకుని నిలబడేవాడు, మనసు పాడవుతుంది' అంటున్నారు. మొహం ఉబ్బిందని అత్తగారు వీడియో కాల్‌లోకి రావడం లేదు. ఆయన 'అమ్మేది' అంటే ఒకరోజు పడుకుందని, ఒకరోజు అరసవల్లి వెళ్లిందని చెప్తున్నాను. మొన్న 'అమ్మ వారానికోసారి అరసవల్లి వెళ్తాదేటి?' అన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: చెప్పేయ్ తల్లీ. ఆయనకి సగం తెలిసిపోయింది. 'వెళ్తాదేటి' అని అడిగాడంటే నీ మాట నమ్మలేదనే కదా, ఇప్పుడు ఆ బంకర్‌లో పడుకుని అసలు జబ్బు కంటే పెద్ద జబ్బులు ఊహించుకుంటూ ఉంటాడు.

నేను ఈ తప్పు చేసే చెప్తున్నాను. 2000 మే నెలలో సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులు కైలాహున్ అనే చోట మన జవాన్లని చుట్టుముట్టారు. రెండు వందల మందికి పైగా, దాదాపు రెండున్నర నెలలు అలాగే ఉన్నారు, జూలై మధ్యలో ఆపరేషన్ ఖుక్రీ చేసి బయటికి తెచ్చారు. మావారు అక్కడ కాదు, దారూలో ఉన్నారు, కానీ విజయనగరంలో కూర్చుని పేపరు చదివేదానికి కైలాహున్ ఏంటి, దారూ ఏంటి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా మామగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎదురింటి ల్యాండ్‌లైన్‌కి ఆయన ఫోన్ ఎప్పుడో వచ్చేది, వచ్చిన రెండు నిమిషాల్లో 'అంతా బాగున్నాం' అనేదాన్ని. ఎవరో చుట్టం ఉత్తరంలో 'మామయ్య చెయ్యి ఇప్పుడెలా ఉంది' అని రాసి పారేశాడు. ఆయన తిరిగొచ్చాక చాలాకాలం, ఏ మాట చెప్పినా, పాలవాడు రాలేదని చెప్పినా సరే, 'ఇంకేమైనా దాచావా' అనేవారు. కోపంగా కాదు, మామూలుగానే. కోపంగా అన్నా బాగుండేది. అప్పుడు దాచడానికి నాకున్నంత కారణం నీకు లేదు, నాదే తప్పయినప్పుడు నీది ఒప్పు ఎలా అవుతుంది?

కాకపోతే ఎలా చెప్తావన్నది ముఖ్యం. ముందు అత్తగారిని అడుగు. జబ్బు ఆవిడది, కొడుకు ఆవిడ కొడుకు, ఇంట్లో అందరూ ఆవిడ తరఫున మాట్లాడుతున్నారు గానీ ఆవిడనెవరైనా అడిగారా అన్నది నీ ఉత్తరంలో లేదు. ఆవిడ చెప్పమంటే మామగారి నోరు దానంతట అదే మూతపడుతుంది. ఆ తర్వాత వేళ చూసుకో. అక్కడ మనకంటే మూడున్నర గంటలు వెనక, ఇక్కడ రాత్రి తొమ్మిదైతే ఆయనకి సాయంత్రం ఐదున్నర. డ్యూటీకి దిగబోయే ముందు చెప్పకు, పడుకోబోయే ముందూ చెప్పకు, కాల్ చివర 'అన్నట్టు' అని అస్సలు చెప్పకు. మాట్లాడటానికి అరగంట ఉందా అని ముందే మెసేజ్ పెట్టి అడుగు.

ఇంకోటి. ఆయన ఉద్దానం మనిషి. మీ వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ అనే మాట బడిపిల్లలకి కూడా తెలుసు, ఆ మాట వినగానే ఆయన కళ్లముందు వీధిలో డయాలసిస్‌కి వెళ్లొచ్చే మనుషులే కనిపిస్తారు. అందుకని మొదటి వాక్యంలోనే 'డయాలసిస్ అక్కర్లేదన్నారు' అని చెప్పి, తర్వాత జబ్బు పేరు చెప్పు. రిపోర్టు ఫొటో తీసి ఒక్క మాటైనా రాయకుండా వాట్సాప్‌లో పడేసే పని మాత్రం మీ ఆడపడుచు చెయ్యకుండా చూసుకో, అలా చేసేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఏ డాక్టర్‌కి చూపించారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఎవరు తీసుకెళ్తారు, డబ్బు ఎంతయింది, ఇవి చెప్పు. అంత దూరంలో ఉన్న మనిషికి జబ్బు కంటే 'నేను లేను కాబట్టి ఎవరూ చూడటం లేదేమో' అన్నదే ఎక్కువ బాధ. చెప్పాక ఆయన రెండు రోజులు ఫోన్ చెయ్యకపోతే అలిగాడనుకోకు. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా వానలు, నైలు నది పక్క ఊళ్లు నీళ్లలో ఉంటాయి, మట్టిరోడ్లు మూసుకుపోతాయి, సిగ్నల్ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

వైద్యం సంగతి. మీకు దగ్గర్లోనే పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది, ముందు అక్కడ చూపించండి. ఆర్మీ వైపు నుంచి అయితే, సర్వీసులో ఉన్న జవాను మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకి మిలటరీ ఆస్పత్రుల్లో వైద్యం ఉంది, మనకి అందుబాటులో ఉన్నది విశాఖలోని నేవీ ఆస్పత్రి, ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి. దానికి ఆదాయ పరిమితి ఉంది, పైగా అత్తగారి పేరు ఆయన రికార్డులో డిపెండెంట్‌గా ఎక్కి ఉండాలి. పార్ట్ టూ ఆర్డర్ (రికార్డులో పేరు ఎక్కించే ఆర్డర్) అయిందా, డిపెండెంట్ కార్డు ఉందా అని ఆయన్నే అడుగు. లేకపోతే ఇప్పుడైనా రాయించమను. చూశావా, చెప్పకుండా ఉంటే ఈ పని కూడా జరగదు. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు మాత్రం అత్తగారి చేత ఇవాళే మాన్పించు, కిడ్నీ బాగోనివాళ్లకి అవి విషం.

రేపు నిజంగా ఆయన రావలసిన పరిస్థితి వస్తే, ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసిన కాగితం, ఇక్కడ ఇండియాలో మిగిలిన యూనిట్ వాళ్ల ఫోన్ నంబరు బీరువా తలుపు లోపలివైపు అంటించి పెట్టుకో. పూర్వం 'ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ' అని టెలిగ్రామ్ ఇచ్చేవాళ్లు, సెలవు కోసం ఉత్తుత్తి టెలిగ్రామ్‌లు ఇప్పించుకున్న వీరులు కూడా ఉన్నారనుకో. 2013 జూలైలో టెలిగ్రామే పోయింది. ఇప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం శ్రీకాకుళంలోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది, ఎలా చెయ్యాలో తెలియకపోతే అక్కడికి వెళ్లి అడగడానికి మొహమాటపడకు.

ప్రశ్న: మాది చీపురుపల్లి వైపు, వ్యవసాయం. మా అబ్బాయి లెబనాన్‌లో ఉన్నాడు. రోజంతా టీవీ చూస్తున్నాను, బాంబు పడిందంటే చాలు ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే మా ఆవిడ ఏడుపు. వాడు నీలం టోపీ పెట్టుకున్న ఫొటో పంపితే ఊరి గ్రూపులో పెట్టాను, కింద వాళ్ల క్యాంపు పేరు కూడా రాశాను. చూసి నన్ను తిట్టాడు. కొడుకు గొప్ప చెప్పుకోవడం తప్పా?

జవాబు: గొప్ప చెప్పుకోండి బాబుగారూ, రచ్చబండ మీద కూర్చుని రోజూ చెప్పుకోండి. క్యాంపు పేరు రాయడమే తప్పు. 2020 జూలైలో ఆర్మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి 89 యాప్‌లు జవాన్ల ఫోన్లలోంచి తీసేయమంది, అలాంటిది వాడి ఫొటో, క్యాంపు పేరు మీరు ఊరి గ్రూపులో పెడితే తిట్టడా మరి? గ్రూపులో ఉన్న రెండు వందల మందిలో సగం మంది ఎవరో మీకే తెలీదు. యూనిట్ పేరు, చోటు, సెలవు మీద వచ్చే తారీకు, ఈ మూడూ ఎక్కడా రాయకండి. రాస్తే ఇంకో తంటా ఉంది, 'మీవాడికి ప్రమాదం జరిగింది, వెంటనే ఈ నంబరుకి డబ్బు వెయ్యండి' అని ఫోన్ చేసే దొంగలకి మీ దగ్గర దొరికే సమాచారం అదే. ఆర్మీ ఎప్పుడూ ఇంటికి ఫోన్ చేసి ఫోన్‌పే చెయ్యమని అడగదు.

టీవీ గురించి. మన శాంతిసేన ఉండేది లెబనాన్ దక్షిణాన, ఇజ్రాయెల్ వైపు గీత దగ్గర. 1978 నుంచి ఐక్యరాజ్యసమితి దళం అక్కడుంది, దాని హెడ్ క్వార్టర్ సముద్రం ఒడ్డున నకూరాలో. టీవీలో పొగ చూపించేది చాలాసార్లు బీరూట్. అలాగని దక్షిణాన ఏమీ జరగదని నేను అబద్ధం చెప్పను, జరుగుతుంది, మీరు పేపరు చదివే మనిషి, మీకు తెలుసు. కానీ బాంబు పడ్డ గంటలో మీవాడు ఫోన్ ఎత్తలేడు. షెల్టర్‌లో ఉంటాడు, లేకపోతే డ్యూటీలో ఉంటాడు. మీరు చేసే పద్నాలుగు మిస్డ్ కాల్స్ చూసుకుని మళ్లీ మిమ్మల్ని ఓదార్చే పని కూడా వాడిదే అవుతుంది. ఒక ఒప్పందం చేసుకోండి: అలాంటి రోజు వాడు వీలు చూసుకుని ఒక్క అక్షరం, 'ఓ' అనో 'బా' అనో పెడతాడు, మీరు తిరిగి ఫోన్ చెయ్యరు. మా వీధిలో ఒకాయన కొడుకు చుక్క పెట్టేవాడు, ఉత్త చుక్క. ఆ చుక్క చూసుకుని ముసలాయన టీ తాగేవాడు.

భద్రతా మండలి చేసిన తీర్మానం ప్రకారం ఆ దళం పని 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది. మీ ఆవిడకి ఆ మాట కూడా చెప్పండి.

ప్రశ్న: మావారు సూడాన్ వెళ్లారని తెలిసిన దగ్గర్నుంచి మా మరిది ఇల్లు కట్టుకోవడానికి ఐదు లక్షలు అడుగుతున్నాడు. 'అన్నయ్యకి డాలర్లలో జీతం, వదినే దాచుకుంటోంది' అని ఊరంతా చెప్తున్నాడు. (గజపతినగరం)

జవాబు: డాలర్ల మాట పూర్తిగా అబద్ధం కాదు, అదే చిక్కు. మనిషికి నెలకి 1,400 డాలర్ల పైచిలుకు లెక్కన ఐక్యరాజ్యసమితి ఇస్తుంది, ఇచ్చేది మన ప్రభుత్వానికి. జవానుకి వచ్చేది మామూలు ఆర్మీ జీతం, దాని మీద విదేశీ అలవెన్సు. మంచి డబ్బే, కానీ అది ఉండేది ఒక్క సంవత్సరం, తిరిగొచ్చాక అలవెన్సు ఆగిపోతుంది. ఇదంతా మీ మరిదికి మీరు చెప్పకండి. మీరు చెప్తే వదిన అడ్డుపడుతోంది అవుతుంది. మీవారి చేత నేరుగా ఫోన్ చేయించండి, ఇస్తామో ఇవ్వమో ఆయన నోటితోనే చెప్పమనండి. అన్నదమ్ముల మధ్య మిమ్మల్ని పోస్ట్‌మాన్‌ని చేస్తే ఒప్పుకోకండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు వాళ్ల నాన్న వీడియో కాల్ చేస్తే మంచం కిందకి దూరిపోతున్నాడు. ఆయన బాధపడుతున్నారు. (బొబ్బిలి)

జవాబు: దూరనివ్వండి. 'నాన్నకి హాయ్ చెప్పు, రైమ్ చెప్పు' అని రెక్క పట్టుకుని లాగితే ఫోన్ అంటేనే ఏడుపు వస్తుంది. ఫోన్ ఏదో ఒకదానికి ఆనించి పెట్టి మీరు వంట చేసుకోండి, ఆయన మీతో మాట్లాడుతూ ఉంటే వాడు ఆడుకుంటూ వింటాడు. పిల్లలు మంచం కింద నుంచి కూడా వింటారు. ఆయన్ని చిన్న చిన్న కథలు ఆడియో పంపమనండి, రెండు నిమిషాలవి, రాత్రి దీపం ఆర్పాక వినిపించండి. కథలో కోతి ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: ఆవకాయ పంపొచ్చా? (టెక్కలి)

జవాబు: పోస్టులో వద్దు. మీవారి యూనిట్ వాళ్లెవరైనా సెలవు మీద వచ్చి తిరిగి వెళ్తుంటే వాళ్లని బతిమాలుకోండి. నూనె కారని డబ్బాలో పెట్టి, పైన రెండు కవర్లు చుట్టి, పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టమనండి. చేతి బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఆవకాయ కంటే కందిపొడి, జంతికలు, పలాస జీడిపప్పు సులువు. ఎంత పంపాలనుకున్నారో దానికి మూడింతలు పంపండి, ఎందుకంటే పంజాబీలు, గూర్ఖాలు, తమిళులు అందరూ చుట్టూ కూర్చుంటారు, డబ్బా మూత తీసిన సాయంత్రమే అయిపోతుంది, ఊరగాయ పంపిన ఇల్లాలి మొగుడికి చివరికి టెంకే దక్కుతుంది.