భర్త పోయాక మనసు తేలికపడితే నేను చెడ్డదాన్నా?

చెడ్డదానివేమీ కాదు చెల్లె. ఆయన పోయి ఏడాది దాటింది, ఏడుపూ వస్తోంది, కానీ పొద్దున లేస్తే హాయిగా కూడా ఉంటోంది, ఈ మాట ఎవరికి చెప్పుకోవాలి అని అడిగావు. నాకంటే చిన్నదానివని రాశావు కాబట్టి నువ్వు అనే అంటున్నా.

మాది నల్లగొండ పక్కన పల్లె, బత్తాయి తోట ఉంది. మా ఆయన గుండెపోటుతో పోయాడు. తాగడు, చెయ్యి ఎత్తడు. ఊళ్లో అందరూ మంచోడే అంటారు, నేనూ అంటాను. కాకపోతే పుట్టింటికి పోవాలన్నా, చీర కొనాలన్నా ఆయన్ని అడగాల్సిందే. వాకిట్లో బండి చప్పుడు వినపడగానే టీవీ ఆపేసి లేచి నిలబడేదాన్ని. లేవమని ఆయన ఏనాడూ అనలేదు, అయినా లేచేదాన్ని. ఆయన పోయాక కూడా వీధిలో ఎవరి బండి ఆగినా నా చెయ్యి రిమోట్ మీదికే పోయేది. ఒకరోజు పోలేదు. సీరియల్ అయ్యేదాకా కూర్చుని, పొయ్యి వెలిగించకుండా ఇన్ని అటుకులు తిని పడుకున్నా. పెళ్లయ్యాక అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు. తెల్లారి నీలాగే సిగ్గుతో చచ్చిపోయా.

ఆయన మీద ప్రేమ లేక కాదు. బేరగాడు వచ్చి కాయ చిన్నగుందని ధర తగ్గిస్తుంటే, ఆయన ఉంటేనా అని ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఆ ఏడుపు అబద్ధం కాదు, ఈ నిద్రా అబద్ధం కాదు.

2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది కదా, ఒక అమావాస్యకు ఒక్కదాన్నే చెర్వుగట్టు శివుడి గుడికి పోయా. కండక్టర్ ఆధార్ చూసి 'ఎక్కడికమ్మా' అంటే వెంటనే నోరు రాలేదు. ఎక్కడికన్నా చెప్పొచ్చు మరి! బొట్టు మానలేదు. ఎవరన్నా అంటే, పెళ్లికి ముందు నుంచీ పెట్టుకుంటున్నదే కదా అంటా.

అయితే ఈ హాయి నిలవాలంటే కాగితాలు నీ చేతిలో ఉండాలి. రైతుబీమా 5 లక్షలు నామినీగా నా ఖాతాలో పడ్డాయో లేదో, మరిది వచ్చి 'వదినా, నీకెందుకు టెన్షన్, నేను చూసుకుంటా' అన్నాడు. టీ పోసి పంపించా, చెక్కు మాత్రం రాయలేదు. వీలునామా లేకుంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త పేరు మీదున్న ఆస్తి భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమానంగా వస్తుంది. వీళ్లుండగా మరుదులకు వాటా లేదు. ఎవరన్నా సంతకం అడిగితే ముందు చదివి పెట్టు, చదవనివ్వకపోతే అసలే పెట్టకు.

ఎవరికి చెప్పుకోవాలి అన్నావు. మీ అత్తమ్మకు మాత్రం చెప్పకు, ఆమె కొడుకును పోగొట్టుకున్న తల్లి. మహిళా సంఘంలో మనలాంటి వాళ్లు ఉంటారు, వాళ్లతో అను. మా సంఘంలో నేను నోరు విప్పిన రోజు, పక్కనున్నామె నా చెయ్యి నొక్కి 'నాకొక్కదానికే అనుకున్నా' అంది.

భూమి విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్పు, అయిందో లేదో నువ్వు రాయలేదు. కాకుంటే మరణ ధ్రువపత్రం, పాస్‌బుక్ పట్టుకుని ముందు తహసీల్దార్ ఆఫీసుకు పో. ఒక్కదానివే పో.